మా బావ ఎంచిన పడవ మోటారు

మొన్న మణుగూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. గోదావరిలో సరదాగా తిరగడానికి చిన్న తెరచాప పడవ కొన్నాడట. వెనక తగిలించే మోటారు ఎంతది తీసుకోవాలని అడిగాడు. "నాన్న పది హార్స్‌పవర్ తీస్కొమ్మంటుండు చిన్నమ్మా." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ నాన్న మాట వింటే మునుగుతవ్, పెట్టెయ్" అని కట్ చేశాను. పిల్లాడి మీద కోపం లేదు. వాళ్ల నాన్న, అంటే మా బావ, ఖమ్మం ఖానాపురం హవేలిలో మాకు రెండు వీధుల అవతలే ఉంటాడు. ఎదురుపడితే కూరగాయల బండి దగ్గర లేని బేరం పెట్టుకుని మొహం తిప్పుకుంటాను.

అప్పట్లో మేమంతా మణుగూరు దగ్గరే ఉండేవాళ్లం, మా రెండిళ్ల మిరప తోటలు గోదావరి అవతలి ఒడ్డున ఉండేవి. దాటించేది ఒక కోయ పెద్దాయన. పడవ ఆయన స్వయంగా చేసుకున్నదే. పాత చీరలు కలిపి కుట్టిన తెరచాప, ఎండుమిర్చి ఘాటు పట్టిన చెక్కలు. అడవి ఊళ్ల జనం సంతకైనా దవాఖానాకైనా అందులోనే దాటేవాళ్లు. గాలి ఆగితే మాత్రం నడినీట్లో కూర్చోవాల్సిందే. మా బావకు కూర్చోవడం చేతకాదు. మోటారు కొనిస్తానని పెద్దాయన్నీ నన్నూ ఖమ్మం తీసుకెళ్లాడు. ఆ పడవకు రెండు హార్స్‌పవర్ చాలన్నాడు కొట్టాయన. "మా బోరుకే ఏడున్నర పెట్టినం. గంత గోదారికి రెండా? నవ్విపోతరు!" అన్నాడు బావ. బోరు మోటారు నీళ్లను పైకి తోడాలి, ఇది పడవను తోయాలి, రెండూ ఒకటేనా? పెద్దాయన మెల్లగా అన్నాడు, "కొనకముందు మోటారంత బరువు ఇసుక బస్తా ఎనక కట్టి చూద్దాం బాబూ. పడవ ఎట్ల కూసుంటదో తెలుస్తది." "ఇసుక బస్తానా నాకు చెప్పేది?" అని బావ పకపకా నవ్వాడు. ఎరువు బస్తాలు వెనక వేస్తే ఆ పడవ ఎలా కుంగేదో నేను చూసినదాన్నే. నోరు తెరిచాను. "మరదలా, నువ్వు ఊకో" అన్నాడు. పది హార్స్‌పవర్‌దే కొనేశాడు.

మర్నాడు పెద్దాయన్ని ముందు కూర్చోబెట్టి, ఆ బండ మోటారు పక్కన తనే కూర్చున్నాడు మహానుభావుడు. నేను మధ్యలో. పిడి ఒక్కసారిగా తిప్పాడు. ముందు భాగం పైకి లేచింది, వెనక నుంచి నీళ్లు ఒక్క ఉదుటున లోపలికొచ్చాయి. నడుము లోతే కాబట్టి బతికాం. పడవ రాతికి కొట్టుకుని అడుగు చీలింది. ఒడ్డెక్కుతూనే బావ అరిచాడు, "పుచ్చిన పడవ! మనుషుల్ని సంపుతవా?" వారం తిరక్కుండా ఆ మాట ఊరూరా పాకింది.

పెద్దాయన అడుగు బాగుచేసుకున్నాడు కానీ ఎక్కేవాళ్లు లేరు. ఒకరోజు పొద్దున అక్కావాళ్ల వాకిట్లోకొచ్చి, బావ వైపు చూడకుండా నన్నే అడిగాడు. "అమ్మా, నువ్వు పడవల ఉన్నవ్ గద. నా పడవ పుచ్చలేదని ఒక్క మాట చెప్పు. నీ మాటైతే నమ్ముతరు." వాకిలి నిండా కూలీలు. బావ నావైపే చూస్తున్నాడు. అక్క గడపలో నిలబడి కళ్లతోనే వద్దంది. "నాకేం తెల్సు పెద్దయ్యా, నేనటు తిరిగి కూసున్న" అన్నాను. ఛీ, నా బతుకు! ఆయన తలూపి వెళ్లిపోయాడు. ఆ ఎండాకాలమే పడవను చెక్కలుగా విప్పేసి, బొగ్గు లారీల దగ్గర కూలికి పోయాడు. రెండేళ్లకే చచ్చిపోయాడని తెలిసింది.

బావను తిట్టడం తేలిక, రోజూ తిడతాను. అది బంగారంలాంటి పడవ అని ఇప్పుడు ఎవరడిగినా చెప్తాను. చెప్పాల్సిన రోజు మాత్రం ఆ పొద్దునే అయిపోయింది.