ఎడమకాలి బెల్టు

తవిటయ్యని మర్యాదస్తుడు అనని మనిషి విశాఖపట్నం రేవులో లేడు. ఆ మాట చెవిన పడితే చాలు, అతను తల దించుకుని పక్కకి తప్పుకునేవాడు. జనం అది కూడా వినయమే అనుకుని, ఇంకోసారి గట్టిగా అనేవారు. మెచ్చుకోలు మనిషిని ఎలా కాల్చుకు తింటుందో తెలియాలంటే అతన్ని అడగాలి. అడిగితే మాత్రం చెప్పేవాడా? అంత నోరున్న మనిషైతే ఈ కథే ఉండేది కాదు.

పుట్టింది పద్మనాభం దగ్గర పల్లెలో. అన్నదమ్ములు వరిమడి పంచుకుంటే ఇతని వాటాకి మడి కన్నా గట్టే ఎక్కువ వచ్చింది. దాంతో డెబ్భైల మొదట్లో పెళ్లాం దేముడమ్మని వెంటబెట్టుకుని పట్నం వచ్చి, రేవులో మోకుల పనిలో చేరాడు. ఓడ గట్టుకి ఆనగానే దాని మోకులు అందుకుని ఇనప గుంజలకి తగిలించే పని అది. మోకు బిగిసిందని పక్కవాడు చెబితే తవిటయ్య నమ్మేవాడు కాదు. దగ్గరికి పోయి, రెండు చేతులా పట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగి చూసేవాడు.

"సూత్తే ఏటి తెలుత్తాది బావ? లాగితే తెలుత్తాది," అనేవాడు.

ఈ లాగి చూసే గుణమే అతన్ని భీమిలి ఇసుకలోకి తీసుకెళ్లింది. పోర్టులో జీపు నడిపే గవర్రాజుకి ఇతనంటే గురి. ఎనభైల్లో గురునాథరావు అనే రిటైరైన ఆఫీసరు భీమునిపట్నం సముద్రపొడ్డున కుర్రకారు చేత గాలిలో ఎగిరే ఆట ఆడించడానికి ఒక క్లబ్బు పెట్టాడు. ఆదివారం ఆదివారం జీపు నడపడానికి గవర్రాజు కుదిరాడు, కూడా తవిటయ్యనీ లాక్కుపోయాడు. ఇప్పటి వాళ్లు కొండ మీంచి దూకి తేలతారే, అలాంటిది కాదది. రంగురంగుల గుడ్డ గొడుగు వెనక విప్పార్చి పట్టుకుంటారు. దాని తాళ్లు మనిషి ఒంటికి కట్టిన బెల్టులకి తగిలిస్తారు. ముందున్న జీపు పొడుగాటి మోకుతో ఆ మనిషిని లాగుతూ ఇసుక మీద పరిగెడితే, గొడుగులో గాలి నిండి మనిషి తాటిచెట్టుని దాటి పైకి లేస్తాడు. చుట్టుపక్కల వాళ్లు దానికి పేరాసూటు అని పేరు పెట్టుకున్నారు.

గురునాథరావు ఆటగాడే గానీ చాదస్తుడు. గాలి సముద్రం మీంచి నిలకడగా రావాలి. తాళ్లలో ఎక్కడా చిక్కు ఉండకూడదు. నెత్తిన హెల్మెట్టు ఉండాలి. రొమ్ము మీద ఒకటి, తొడల చుట్టూ రెండు, మూడు బెల్టులూ బిగిసి ఉండాలి. ఈ ఆఖరి పని తవిటయ్యది.

"అడగడం కాదు తవిటయ్యా, నీ చేత్తో లాగి చూడాలి. చూశాక చెయ్యెత్తు. నువ్వు చెయ్యెత్తితేనే గవర్రాజు జీపు కదుపుతాడు," అని చెప్పాడు మొదటిరోజునే.

తవిటయ్యకి ఇది కొత్త పాఠమా? ఎగరబోయే కుర్రాడి తొడ బెల్టు పట్టుకుని గుంజితే వాడు తూలిపోయేవాడు. "ఒగ్గీ మావా, కాలూడిపోతాది!" అని అరిచేవారు. తవిటయ్య వదిలేవాడు కాదు. గట్టు మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే దేముడమ్మ అది చూసి పడీపడీ నవ్వేది. ఒక ఏడాది పాటు ఒక్కడికి గోరు కూడా చిట్లలేదు.

ఆ తర్వాత కనకరత్నం వచ్చింది.

ఆమె తండ్రి శ్రీరామ్మూర్తి స్టీలు ప్లాంటు ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు. పిల్ల డిగ్రీ చదువుతోంది. లాంగ్ జంప్‌లో కప్పులు తెచ్చింది, డ్రిల్లు టీచరు ట్రైనింగుకి సీటు వచ్చింది. వెళ్లేలోపు ఒక్కసారి ఎగరాలని ఇంట్లో పోరు పెట్టింది. తమ్ముడి ప్యాంటూ చొక్కా వేసుకుని, జడ చుట్ట చుట్టుకుని, నవ్వుకుంటూ వచ్చి ఇసుకలో నిలబడింది. ఆ క్లబ్బులో ఎగరడానికి వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. పండగకి వచ్చినట్టు జనం వచ్చారు. శ్రీరామ్మూర్తి నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కళ్లు కూతురి మీద నుంచి తియ్యకుండా.

తవిటయ్య బెల్టులు తీసుకుని వెళ్లి ఆగిపోయాడు. వేలాది టన్నుల ఓడని కట్టిపడేసే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పరాయి ఆడపిల్ల, ప్యాంటులో ఉంది, బెల్టేమో తొడ చుట్టూ ఉంది, తండ్రి ఎదురుగా ఉన్నాడు. ఇన్ని కళ్ల ముందు అక్కడ చెయ్యి వెయ్యడమా! బెల్టులు ఆమె చేతికిచ్చి, తను సముద్రం వైపు తిరిగిపోయాడు.

"కట్టీసుకున్నావా తల్లీ?" అన్నాడు కెరటాలని చూస్తూ.

"ఆఁ."

"కాళ్లవీని?"

కాస్త ఆగి, "ఆఁ అండీ," అంది.

తవిటయ్య చెయ్యెత్తాడు.

జీపు కదిలింది. నాలుగంగల్లో పిల్ల గాలిలోకి లేచింది. జనం ఈలలు వేస్తుండగా గొడుగు కింద ఆమె ఒక పక్కకి ఒరిగిపోవడం తవిటయ్య చూశాడు. ఎడమకాలి బెల్టు ఊడి గాలిలో కొట్టుకుంటోంది. దాని కొక్కెం పడలేదు. ఒంటి బరువంతా కుడి తొడ మీదా రొమ్ము బెల్టు మీదా పడి, జారిపోతానేమో అన్న భయంతో ఆమె ఎడమచేత్తో పైతాడు పట్టుకుని వేలాడుతోంది. తవిటయ్య జీపు ఆపించడానికని ఉంచిన ఎర్రజెండా ఊపుతూ, "ఆపీ బావో! ఆపీ!" అని గొంతు చిరిగేలా అరుస్తూ పరిగెత్తాడు. గవర్రాజు మెల్లగానే ఆపాడు, గొడుగు మెల్లగానే దిగింది. కానీ ఆమె కాళ్ల మీద కాకుండా ఎడమ భుజం మీద పడింది. అప్పుడామె పెట్టిన అరుపు తవిటయ్య చెవుల్లోంచి మళ్లీ పోలేదు.

ప్రాణానికి ముప్పు లేదన్నారు. భుజం మాత్రం గూడు తప్పి, ఎముక నలిగింది. ఆసుపత్రి వరండాలో తవిటయ్య గోడకి ఆనుకుని నిలబడి ఉంటే శ్రీరామ్మూర్తి వచ్చాడు. కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండును అని కూడా అనుకున్నాడు. శ్రీరామ్మూర్తి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ తప్పేముందండీ? అంతమందిలో మా పిల్ల మీద చెయ్యి కూడా తగలనివ్వలేదు మీరు. ఇంత మర్యాదస్తుణ్ని నేనెక్కడా చూడలేదు."

తవిటయ్య చేతులు విడిపించుకుని మెట్లు దిగిపోయాడు. మర్నాడు బత్తాయిలు కొనుక్కుని వెళ్లాడు. కనకరత్నం కట్లతో పడుకుని ఉంది. "నాదే తప్పండీ బాబాయిగారూ, చూసుకోకుండా ఆఁ అనేశాను," అని ఆమే అతన్ని ఓదార్చింది. బత్తాయిలు బల్ల మీద పెట్టి, వచ్చినవాడు వచ్చినట్టే వెనక్కి తిరిగాడు.

కట్లు విప్పారు. చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు, వెనక్కి తిరగలేదు. చెయ్యి లేవని పిల్లకి డ్రిల్లు టీచరు ట్రైనింగేమిటి? ఆ సీటు ఇంకొకరికి పోయింది. కనకరత్నం టైపు నేర్చుకుని ఏదో ఆఫీసులో చేరిందని గవర్రాజు చెప్పాడు. ఆ రోజు తవిటయ్య అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయాడు.

"ఏటయ్యా, ఆ పిల్ల గురించేనా?" అంది దేముడమ్మ.

"సెయ్యెత్తింది నానే. లాగి సూడకండా ఎత్తినాను."

"సిగ్గయితే నన్ను కేకెయ్యకపోయావా? గట్టు మీదే ఉన్నాను గదా, పొత్తులు కాల్సుకుంటా. ఒక్క కేకేత్తే పరిగెట్టుకొద్దును."

తవిటయ్యకి ఇది అసలు దెబ్బ. నిజమే, కేక వేస్తే వినపడేంత దగ్గర్లో ఆడమనిషి ఉంది, తన పెళ్లామే ఉంది. ఆమె గుర్తుకే రాలేదు. తన సిగ్గు ఒక్కటే గుర్తుంది. తన మంచిపేరు ఒక్కటే గుర్తుంది. పైకి మర్యాద అనుకున్నది లోపల తనని తాను కాపాడుకోవడమే అని అతనికి ఆ పూట అర్థమైంది. అర్థమయ్యాక నిద్ర ఇంకా దూరమైంది.

ఆ దెబ్బకి మూతపడ్డ క్లబ్బుని మరుసటి ఏడు మళ్లీ తెరిచారు. తవిటయ్య మానేద్దామనుకున్నాడు. మానేస్తే ఊరుకోనని గురునాథరావు అన్నాడు. సరేనని, దేముడమ్మకి కొక్కేలు పెట్టడం, లాగడం నేర్పించాడు. ఆడపిల్లలు వస్తే ఆమె చూసేది, ఇతను అటు తిరిగి నిలబడేవాడు. ఆమె "ఊఁ" అంటే ఇతను చెయ్యెత్తేవాడు. జనానికి ఇది ఇంకా నచ్చేసింది. ఆడవాళ్లకి ఆడమనిషినే పెట్టాడు చూడండి, ఎంత మర్యాదస్తుడో అని మళ్లీ మొదలుపెట్టారు.

ఇంకో రెండు చలికాలాలు గడిచాక ఒక ఆదివారం కనకరత్నం తండ్రితో కలిసి ఇసుకలో నడుచుకుంటూ వచ్చింది. పంజాబీ డ్రస్సులో ఉంది. ఎడమచెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని నడుస్తోంది. డాక్టరు సరేనన్నాడనీ, ఎగురుతాననీ గురునాథరావుతో చెప్పింది. తవిటయ్య జీపు వెనక్కి తప్పుకున్నాడు. దేముడమ్మ కొంగు బిగించి బెల్టులు తీసుకుని ఎదురెళ్లింది.

"మీరు కాదు పిన్నిగారూ," అంది కనకరత్నం. "ఆయన చూడాలి."

"ఆయన ఆడోళ్లకి సూడడమ్మా."

"నాకు మాత్రం ఆయనే చూడాలి. ఆ రోజు చూడాల్సింది ఆయనే."

తవిటయ్య దగ్గరికి వచ్చి దేముడమ్మ చేతిలోంచి బెల్టులు అందుకున్నాడు. తల ఎత్తలేదు. "తప్పయిపోనాది తల్లీ," అన్నాడు. అన్నేళ్లుగా నాలిక చివర ఆగిపోయిన మాట అది.

"ఎందుకు ఆఁ అన్నానో మీకు తెలీదు," అంది కనకరత్నం. "ఎడమకాలి కొక్కెం పడలేదని నాకు తెలుసండీ. రెండుసార్లు నొక్కాను, పడలేదు. పడలేదంటే మీరు ఇటు తిరగాలి, అక్కడ చెయ్యి పెట్టాలి. మీరేమో నన్ను చూడ్డానికే సిగ్గుపడిపోతున్నారు. అంతమందిలో నేనేదో చెయ్యరాని పని చేస్తున్నట్టు అనిపించింది. నోరు రాలేదు. మీరు ఇటు తిరిగి అడిగుంటే చెప్పేదాన్ని."

తవిటయ్య ఇన్నాళ్లూ బెల్టు లాగి చూడలేదనే కుమిలిపోయాడు. ఆ పిల్ల నోరు కూడా తనే కట్టేశాడని ఇప్పుడు తెలిసింది. కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు, ఎందుకంటే చేతుల్లో అప్పటికే బెల్టులున్నాయి.

రొమ్ము బెల్టు కొక్కెం పెట్టి లాగాడు. ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుడి తొడ చుట్టూ బెల్టు తిప్పి, కొక్కెం పెట్టి లాగాడు. ఎడమ వైపు కనకరత్నం తనే పెట్టుకోబోయింది. ఆ చెయ్యి కిందికి వచ్చింది గానీ, తొడ వెనక ఉన్న కొక్కెం దాకా తిరగలేకపోయింది.  తవిటయ్య ఆమె వేళ్లని మెల్లగా పక్కకి తప్పించి, బెల్టు అందుకుని, టక్కుమనేదాకా నొక్కాడు. రెండు చేతులా పట్టుకుని లాగాడు. ఆమె ఒక అడుగు తూలింది. మళ్లీ లాగాడు.

"ఏటీ, ముసిలోడు ఆడపిల్ల కాళ్లు ఒగ్గడం నేదు!" అని జనంలోంచి ఎవడో అరిచాడు. పకపకా నవ్వులు లేచాయి. "పైకి పెద్దమనిసి, సెయ్యేసీడం సూడు!" అన్నాడు ఇంకొకడు. శ్రీరామ్మూర్తి ముఖం ఎర్రబడింది. ఆయన సముద్రం వైపు తిరిగిపోయాడు.

తవిటయ్య తిరగలేదు. మోకాళ్ల మీదే ఉండి, తలెత్తి పిల్ల ముఖంలోకి చూశాడు.

"బిగిసిందా తల్లీ?"

"బిగిసిందండీ."

"నిజంగా?"

"నిజంగా బాబాయిగారూ," అని నవ్వింది.

అప్పుడు లేచి చెయ్యెత్తాడు. జీపు కదిలింది, గొడుగు నిండింది, కనకరత్నం లేచింది. రెండు కాళ్లూ కలిసి తిన్నగా వేలాడాయి. ఆమె కుడిచేత్తో తాడు పట్టుకుని, ఎడమచేతిని ఎంతవరకూ లేస్తే అంతవరకూ లేపి ఊపింది. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. తవిటయ్య ఆ ఆగిన చెయ్యినే చూస్తూ నిలబడ్డాడు.

ఆమె చక్కగా కాళ్ల మీద దిగింది. గవర్రాజు జీపులోంచి దూకి, చొక్కా చేతులు మడుచుకుంటూ జనం మీదికి పోబోయాడు. "ఎవుడ్రా ఆ కూసినోడు? మా బావంటే ఎవురనుకున్నార్రా?"

తవిటయ్య అతని జబ్బ పట్టుకుని ఆపాడు.

"ఒగ్గీ బావ. ఆడు అబద్దమేటన్నాడు? సెయ్యేసినాను గదా."

అని, కనకరత్నం దగ్గరికి వెళ్లి, ఆమె విప్పుకోలేని ఆ ఎడమకాలి కొక్కెం విప్పడానికి మళ్లీ ఇసుకలో కూర్చున్నాడు.