అట్లతద్దికి నేను చూపించిన చంద్రుడు

చంద్రుణ్ణి పోగొట్టుకోవడం సామాన్యుడి వల్ల అయ్యే పని కాదు. దానికి టెలిస్కోప్ ఉండాలి. నాకు ఉండేది.

2005లో మాది అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్ కాపురం. టెలిస్కోప్ కొని వారమైంది. ఆ వారంలో నేను స్పష్టంగా చూసిన విశ్వం: ఎదురు బిల్డింగ్ చిమ్నీ, దాని మీద కాకి. ఇంతలో అట్లతద్ది వచ్చింది. పెళ్లయ్యాక మా ఆవిడ లలితకి అదే మొదటిది. పక్క ఫ్లాట్ రాధ కూడా ఉపవాసం. తెల్లవారుజామున తిన్నదే తిండి. మళ్లీ చంద్రుణ్ణి చూశాకే అట్లు.

"చీకటి చిక్కబడకముందే చూపించేస్తా," అన్నాను.

"బాగా చీకటి పడ్డాక తూర్పున వస్తాడని అమ్మ చెప్పిందండీ."

"తదియ చంద్రుడు సన్నగా పడమటే ఉంటాడు. టెలిస్కోప్‌తో ఇచ్చిన పుస్తకంలో రాశారు. మీ అమ్మగారికి టెలిస్కోప్ ఉందా?"

లేదని ఒప్పుకుంది. చర్చ ముగిసింది.

పుస్తకం చెప్పింది అమావాస్య తర్వాత వచ్చే తదియ గురించి. అట్లతద్ది పౌర్ణమి తర్వాత వచ్చే తదియ. ఈ స్వల్ప తేడా నాకప్పుడు తెలియదు. నవ్వడానికి మీకు ఆలస్యం కాకూడదని ముందే చెబుతున్నాను.

బాల్కనీలోంచి చూస్తే మేపుల్ చెట్టు అడ్డం. టెలిస్కోప్‌ని పార్కింగ్ లాట్‌లోకి దించాను, అక్కడ దీపాల వెలుగు. టెన్నిస్ కోర్టు పక్కకి మోశాను, నేల ఏటవాలు. అక్కణ్ణుంచి సాకర్ గ్రౌండ్‌కి. నా వెనక అట్ల డబ్బాలతో ఆడవాళ్లిద్దరూ, వాళ్ల వెనక హారతి పళ్లెంతో రాధ భర్త నరేందర్. దేవుడొక్కడే తక్కువైన ఊరేగింపు.

"ఒక్క జాగల నిలబడవా అన్నా? తిరిగేది చంద్రుడా, మనమా?" అన్నాడు నరేందర్.

"ఇద్దరమూ," అన్నాను శాస్త్రీయంగా.

చీకటి చిక్కబడింది. చలి మొదలైంది. లలిత అట్ల డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టేసింది. పడమటి ఆకాశాన్ని అంగుళం అంగుళం గాలించాను. దొరికాడు! తెల్లగా, బుల్లిగా, సగానికి కోసినట్టు.

"వచ్చేశాడు! రండి, రండి!"

రాధ కన్ను పెట్టి చూసింది. "తదియకి ఇంత లావుంటాడా అన్నయ్యగారూ?"

"అమెరికాలో అన్నీ లావేనమ్మా."

లలిత మాత్రం తలెత్తి చూసింది. "మామూలుగా చూస్తే చుక్కలా ఉందేంటండీ?"

"లైట్ పొల్యూషన్."

టెలిస్కోప్ కొన్నవాడు మొట్టమొదట మానేసేది తలెత్తి చూడటమే. ఆకలి మీదున్న మనిషి దేన్నైనా నమ్ముతుంది కాబట్టి వాళ్లూ నమ్మారు. హారతిచ్చారు. టెలిస్కోప్‌కి కూడా ఓ బొట్టు పెట్టారు. లలిత అట్టు తుంచి నోటిదాకా తెచ్చింది.

"ఆగుండ్రి! మన ఎనక గదేంది?" నరేందర్ కేక.

వెనక్కి తిరిగాం. టెన్నిస్ కోర్టు కంచె పైన, దోరగా కాలిన అట్టులా, ఎంతసేపటినుంచి మా వీపులు చూస్తున్నాడో ఏమో, చంద్రుడు.

అట్టు ముక్క లలిత చేతిలోనే ఆగిపోయింది. వ్రతం వెంట్రుకవాసిలో దక్కింది.

"మరి ఇందాక హారతి ఎవరికిచ్చామండీ?"

"శుక్రుడై ఉంటాడు," అన్నాను, వీలైనంత చిన్న గొంతుతో. టెలిస్కోప్‌లో శుక్రుడు కూడా సగం చంద్రుడిలా కనిపిస్తాడట. నేనింకా ఆ పేజీకి రాలేదు.

ఇంటికొచ్చాక లలిత కాలింగ్ కార్డ్ గీకి వాళ్లమ్మకి ఫోన్ చేసింది. "కనిపించాడమ్మా. నువ్వు చెప్పిన చోటే. లేదమ్మా, మీ అల్లుడుగారికి ఇంకా కనిపించలేదు. ఆయన దగ్గర టెలిస్కోప్ ఉంది కదా."

ఆ రాత్రి నా కంచంలో పడిన అట్టు టెలిస్కోప్ పెట్టి వెతికితే తప్ప కనిపించేది కాదు. ఆ అట్టు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఆకాశంలో ఎవరు కనిపించినా సరే, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోనిదే నోరు విప్పను. అత్తగారు చెప్పిన దిక్కుకి మాత్రం చూడకుండానే దణ్ణం పెడతాను.