దాచిన తీగ

మా చేను అడవికి ఆనుకుని ఉంటుంది. ఇల్లూ చేలోనే. మణుగూరు రోడ్డు దిగి మట్టిదారిలో నడిస్తే చివరి ఇల్లు మాదే. ఆ ఏడు యాసంగిలో మొక్కజొన్న వేశాను. కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు దిగి, రెండు రాత్రుల్లో ఒక మూలంతా నేలమట్టం చేశాయి. అప్పుడు చేను చుట్టూ మోకాలెత్తున ఇనుప తీగ కట్టి, మోటారు దగ్గర నుంచి కరెంటు ఇచ్చాను. పొద్దుగూకాక పెట్టడం, తెల్లవారకముందే తీసెయ్యడం. అది నేరమని తెలుసు. అప్పటికి నేను మా చర్చిలో సంఘపెద్దను. ఆదివారం ఆరాధనలో ప్రభువు బల్ల రొట్టె పళ్లెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది నేనే.

ఒకరోజు నాకు మెలకువ వచ్చేసరికి బాగా తెల్లవారింది. పరుగెత్తాను. చేను మూలన ఇప్పచెట్టు కింద ఒక ఆడమనిషి బోర్లా పడి ఉంది. పక్క గూడెం ఆవిడ. పొద్దున్నే ఇప్పపువ్వు ఏరుకోవడానికి వస్తుందని నాకు తెలుసు. చాలాసార్లు పలకరించుకున్నాం కూడా. బుట్ట ఒరిగిపోయి పువ్వంతా నేలమీద పడి ఉంది. కరెంటు తీసేసి ఆమెను ముట్టుకున్నాను. చల్లగా ఉంది.

అప్పుడు నేను ఎవరినీ పిలవలేదు. తీగ చుట్ట చుట్టాను. నాలుగు వైపులా, పాతిన కర్రలతో సహా, ఒక్క ముక్క మిగల్చకుండా తీసి గడ్డివాము కింద దాచాను. అదంతా అయ్యాకే గూడేనికి వెళ్ళి, "మీ ఆమె చెట్టు కింద పడిపోయి ఉన్నదన్నా" అని ఆమె భర్తకు చెప్పాను.

పాము కరిచిందన్నారు కొందరు. గుండె ఆగిందన్నారు ఇంకొందరు. సాయంత్రానికి మట్టి చేశారు. పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మర్నాటి నుంచి ఆమె భర్త రోజూ పొద్దున్నే వచ్చి ఆ చెట్టు కింద కూర్చునేవాడు. పువ్వు ముట్టుకునేవాడు కాదు. ఎండెక్కేదాకా మా ఇంటి వైపే చూసి, లేచి వెళ్ళిపోయేవాడు.

"ఆయన ఎందుకట్ల కూసుంటుండు?" అంది నా భార్య.

"పెండ్లాం పోయిన చోటు గదా."

"మరి మన దిక్కు చూసుడేంది?"

వారం తిరక్కుండానే బర్రెకు గడ్డి తీస్తుంటే తీగ చుట్ట నా భార్య చేతికి తగిలింది. తెచ్చి గడప ముందు పెట్టింది. ఆ రోజు నుంచి ప్రార్థనలో నా పక్కన మోకరించడం మానేసింది.

ఆదివారం పళ్లెం అందరికీ అందించాను, తప్పు దాచుకుని ఆ రొట్టె తినకూడదని నేను మాత్రం తీసుకోలేదు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. మా పాస్టరు వారమంతా సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసుకునే మనిషి. మూడో ఆదివారం అందరూ వెళ్ళాక నన్ను ఆపాడు.

"బ్రదర్, నువ్వు రొట్టె ముడుతలేవు. ఏమైంది?"

మొత్తం చెప్పేశాను.

"తప్పు ఒప్పుకుని మారుమనస్సు పొందితే దేవుడు క్షమిస్తడు గదా అయ్యగారూ" అన్నాను.

"క్షమిస్తడు. కానీ నువ్వు తప్పు చేసింది ఆ ఇంటికి. ఆడికి పోకుండ ఈడ మోకరిస్తే అది దాక్కునుడే అయితది."

"నన్ను చంపుతడేమో."

"చంపొచ్చు," అన్నాడు. "పా, నేను గూడ వస్త."

ఇద్దరం గూడేనికి నడిచాం. మమ్మల్ని చూసి కుక్కలు మొరగలేదు, వెనకే వచ్చాయి. ఆమె భర్త వాకిట్లో కూర్చుని వెదురు బద్దలు చీలుస్తున్నాడు. మేము వచ్చినా కత్తి కింద పెట్టలేదు.

"అన్నా, పాము కాదు. అది నా కరెంటు తీగ. నేనే పెట్టిన, నేనే తీసి దాచిన."

ఇంకో బద్ద చీల్చాడు.

"తెలుసు," అన్నాడు. "మట్టి చేసేటప్పుడు అరచెయ్యి చూసిన. నల్లగ కాలిన గీత ఉన్నది."

"మరి నన్నెందుకు అడగలే?"

"నువ్వే చెప్తవేమోనని చూస్తున్న. ఇప్పపువ్వు రాలుడు అయిపోయేదాక చూద్దామనుకున్న."

"అయిపోయినంక?"

కత్తి అంచుకు అంటిన వెదురు పొట్టు వేలితో తుడిచాడు. ఆయన ముందు నేలమీద కూర్చుని, క్షమించమన్నాను.

"గది ఇప్పుడు అడగకు," అన్నాడు. "ముందుగాల గీ మాట టేషన్ల చెప్పు."

ఆ పూటే వెళ్ళి చెప్పాను. కేసు పెట్టారు. కొన్నాళ్ళు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాను. చర్చిలో అందరి ముందు నిలబడి చేసిందంతా ఒప్పుకున్నాను. పెద్దరికం పోయింది. కొందరు ఇప్పటికీ నా బెంచీలో కూర్చోరు. వెనక కూర్చుని, నా వంతు రొట్టె మాత్రం తీసుకుంటున్నాను. దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను. నమ్మినా చెట్టు వైపు కిటికీ తెరవలేకపోతున్నాను.

వాయిదాలకు కొత్తగూడెం కోర్టుకు గూడెం నుంచి ఆమె భర్తా సాక్షిగా వస్తాడు. కిందటి వాయిదా అయ్యాక తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఆయన పక్క సీటొక్కటే ఖాళీ. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. పాల్వంచ దాటాక, నా వైపు చూడకుండానే "కూసో" అన్నాడు. కూర్చున్నాను. బస్సు ఊగినప్పుడల్లా మా భుజాలు తగులుతున్నాయి. ఇద్దరం జరగలేదు.

దిగేటప్పుడు, "మళ్ళ వాయిదా ఎప్పుడు?" అని అడిగాడు. చెప్పాను.

"వస్త," అని తన దారిన వెళ్ళిపోయాడు.