కొడుకా, గొడుగా

మనవరాలు బడి నుంచి తెచ్చిన చార్టు మీద జిగురు ఇంకా ఆరలేదు, ఇల్లంతా ఆ వాసనే. "గ్రూప్ వర్క్ తాతా, ఆలోచన పెరుగుతాదంట" అంది. నలుగురు పిల్లలు తలా ఒక మూల రాసి అతికించారట. ఒకరు రాసింది ఇంకొకరు చదవనైనా లేదు. నాకు ఒళ్ళు మండింది. అయిదో తరగతితో బడి మానేసి, చిత్తూరు బస్సుల బోర్డులు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి నేను. అయినా కలిసి ఆలోచించడమంటే ఏమిటో ఎనిమిదేళ్ళప్పుడే తమిళనాట గుడియాత్తంలో మా ఇంటి వసారాలో కళ్ళారా చూశాను.

అవి ఐప్పసి నెల, అంటే దీపావళి నాటి, వానలు. వీధిలో లుంగీల నూలు ఆరేసే వీలులేక గంజి పులిసిన వాసన ఇంట్లోకే వచ్చేది. ఉడకేసిన చెనిక్కాయలు ఒళ్ళో పోసుకుని నేను, అక్క రాజమ్మ, పక్కింటి మునెమ్మ రాట్నం చుట్టూ కూర్చుని కండెలు చుడుతుండగా, పరదరామిలో ఉన్న మామ, అంటే అమ్మ తమ్ముడు, రాసిన కార్డు వచ్చింది. మావాళ్ళు మాట్లాడేది తెలుగు, చదివింది తమిళం. అందుకని తెలుగునే తమిళ అక్షరాల్లో రాసేవాళ్ళు. ఆ అక్షరాల్లో 'క'కూ 'గ'కూ తేడా లేదు.

పెదనాయన కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు. "ఈడ అందరం క్షేమం. ఏటి కాడ గాలి కొట్టె. కొడుకు పోయె. చేతిలో కర్ర మాత్రం మిగిలె."

మామకు గోపి ఒక్కడే కొడుకు, నా ఈడువాడు. అమ్మ ఉన్నచోటే కూలబడింది. ఏటి కాడ గాలి కొట్టిందంటే దయ్యం పనేనన్నాడు పెదనాయన. ఇంక ఏడుపులు.

అక్క కిందపడిన కార్డు తీసుకుంది. "అందరం క్షేమమని రాసినాడే, పెదనాయనా?"

"అది వాడుక లేమ్మా. ఎవురైనా అట్లే మొదలుపెడతారు."

"సావు కబురుకి కార్డు యాల? బస్సెక్కి మనిషే వచ్చుండడా?" అంది మునెమ్మ.

"నోరు ముయ్యండే!" అని అరిచాడు పెదనాయన.

ముగ్గురం మళ్ళీ రాట్నం దగ్గరికి చేరాం. నన్ను పట్టుకున్నది కర్ర. "మామ కర్ర పట్టుకోడే. మిగిలింది యాడిది?" అన్నాను.

"పార కర్రేమో" అంది మునెమ్మ.

"గాలికి పార ఎగురుతాదా, నీ తల!" అని అక్క కసిరింది, కసిరి, ఆగిపోయింది. గాలికి ఎగిరిపోయేది. పోతే చేతిలో కర్ర మిగిలేది. వేలు పెట్టి ఆ మాటనే రకరకాలుగా చదివింది: కొడుకు, కొడుగు, గొడుకు... నాలుగోది ముగ్గురి నోటా ఒకేసారి వచ్చింది.

గొడుగు.

అది మాలో ఏ ఒక్కరికీ తెలిసిన సంగతి కాదు. ఒకరి మాటను ఒకరు కాదంటూ, ఎగతాళి చేస్తూ, వదలకుండా పట్టుకుని లాగితే మా మధ్యలో ఎక్కడో పుట్టింది. పెద్దవాళ్ళు ఏడుస్తున్న ఇంట్లో చెనిక్కాయ తొక్కల మధ్య కూర్చున్న ముగ్గురు పిల్లలం, మా నోటి నుంచి వచ్చిన మాటకు మేమే బిత్తరపోయి ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

అమ్మ నమ్మలేదు. జుట్టయినా ముడవకుండా మమ్మల్ని వెంటేసుకుని బస్సెక్కింది, దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. పరదరామిలో దిగేసరికి సన్నగా తుంపర. గోనెసంచి తలమీద కప్పుకుని గోపి బురదలో గోళీలాడుతున్నాడు. అమ్మ వాణ్ణి ఒళ్ళంతా తడిమి చూసి, ఎదురొచ్చిన తమ్ముడి మీద విరుచుకుపడింది. "గొడుగు పోతే కార్డు రాస్తావంట్రా?"

"నువ్వు కొత్తది పంపిస్తావనే కదక్కా!" అన్నాడు మామ.

అక్క పోయి ఆరేళ్ళయింది. మునెమ్మ జోలార్పేటలో ఉందని విన్నాను. గోపి ఫోను చేసి దగ్గుతూ మాట్లాడతాడు. బతికున్నాడని వెంటనే తెలిసిపోతుంది. ముగ్గురు కలిసి చదవాల్సిన కార్డు మా గడపలోకి వచ్చి ఎన్నేళ్ళయిందో.