పైపైన తడిసిన నేల

నా చిన్నప్పుడు మా ఇంట్లో బైబిలు వాక్యం చదవడం వచ్చింది నాకొక్కదానికే. కోస్గి దగ్గర మా పల్లెలో చర్చి అంటే పది ఇళ్లవాళ్లు సర్దుకుని కూర్చునే మట్టిగోడల కొట్టం. అందులో నిలబడి వచనం మీద వచనం తడుముకోకుండా అప్పజెప్పేదాన్ని. పెద్దవాళ్లు తల నిమిరితే నా కాళ్లు నేల మీద ఆగేవి కావు. మా తమ్ముడికి మాత్రం ఒక్క వచనం కూడా నోటికి వచ్చేది కాదు. వాడికి మొద్దు అనే పేరు పెట్టింది నేనే.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. పూటకింత జొన్నగట్క తప్ప ఇంట్లో ఏమీ లేదు. విత్తనానికని బాపు కుండలో దాచిన పల్లికాయలు నా కంటపడ్డాయి. మొదటిరోజు గుప్పెడే తిన్నాను. తర్వాత చెయ్యి ఆగలేదు. పొట్టు తీసుకెళ్లి గొడ్ల కొట్టం వెనక పారేసేదాన్ని. కుండ సగమైందని చూసుకున్న రోజు బాపు ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంట్లో ఏ అల్లరి జరిగినా తమ్ముడిదే కదా! బరిగె విరిగేదాకా వాణ్ని కొట్టాడు. "నేను తినలే బాపూ" అని వాడు ఏడుస్తూనే ఉన్నాడు. నేను తలుపు వెనక నిలబడి చూశాను.

ఆ సాయంత్రానికే వాడికి జ్వరం వచ్చింది. "పెయ్యి కాలిపోతాంది" అంటూ బాపు తల్లి, మా అవ్వ తడిగుడ్డ వేస్తోంది. చదువు రాని మా అవ్వకు రోజూ వాక్యం చదివి వినిపించడం నా పని. ఆ రోజు వంతుకు వచ్చింది విత్తనాలు చల్లినవాడి ఉపమానం. రాతినేల మీద పడ్డ గింజ వేరు లేక ఎండిపోయిందనే చోట చదవడం ఆపేశాను. పక్కనే వాడు కలవరిస్తున్నాడు. వీడు చచ్చిపోతాడేమో, దేవుడు అంతా చూశాడు, ఇక నన్నేం చేస్తాడో అని భయం పట్టుకుంది. అయినా చెప్పలేదు. బాపు అంటే అంతకన్నా ఎక్కువ భయం.

తెల్లవారేసరికి వాన పడి వెలిసింది. బాపు మిగిలిన విత్తనం మూట కట్టాడు. "జర ఆగు కొడుకా, నేల పదును చూసొస్త" అని అవ్వ నన్ను వెంటబెట్టుకుని చేనుకు నడిచింది. కాళ్లకు బురద అంటుతోంది. మంచిగా తడిసింది కదా అన్నాను. అవ్వ కొడవలి నా చేతికిచ్చి తవ్వమంది. నాలుగు వేళ్ల లోతు దాటగానే మట్టి పొడిపొడిగా రాలింది.

"మీదికెల్లి చూస్తే గిట్లనే ఉంటది బిడ్డా. గిప్పుడేస్తే ఇత్తనం మొలక రాకముందే ఎండిపోతది" అంది. గుంట పూడుస్తూ, నా వైపు చూడకుండానే అంది: "నిన్న నువ్వు సదివింది నీ లోపలికి ఎంత దిగిందో, అది గూడ జర తవ్వి చూస్కో."

ఆమెకు తెలుసో తెలియదో ఈనాటికీ నాకు తెలియదు. ఇంటిదాకా ఒకటే పరుగు తీశాను. బాపు తమ్ముడి మంచం దగ్గరే కూర్చుని ఉన్నాడు. "నేను తిన్న బాపూ, వాడు తినలే" అన్నాను. బాపు చెయ్యి లేచింది. అది నా మీద పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. కళ్లు తెరిచేసరికి బాపు రుమాలులో ముఖం దాచుకుని ఉన్నాడు. అప్పుడు తమ్ముడు నెమ్మదిగా, "నాకెరికే అక్కా, నువ్వు పొట్టు పారేస్తుంటె చూసిన" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదురా అని అడిగాను.

"చెప్తే నిన్ను గూడ కొడ్తడని."

జ్వరం మూడో రోజుకు తగ్గింది. దేవుడు చూశాడన్న నా భయం మాత్రం తగ్గలేదు. అన్ని వచనాలు వచ్చిన నేను తలుపు వెనక నక్కితే, ఒక్కటీ రాని వాడు నాకు పడాల్సిన దెబ్బలు తిని నోరు మూసుకున్నాడు. వాక్యం ఎవరిలో వేరు పట్టిందో ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు మా జిల్లా పేరే మారింది. మనవరాలు వాక్యం ఫోన్లో వింటుంది. చర్చిలో ఇప్పటికీ నన్నే ముందుకు పిలిచి చదివిస్తారు. "నువ్వు ఎంత బాగ చదువుతవమ్మా!" అని ఎవరైనా అంటే ఈ వయసులోనూ ఆ పొడిమట్టే గుర్తొస్తుంది. ఇంటికి వచ్చి, ఈ వారం నా మూలంగా ఎవరు మాటపడ్డారో వెతుక్కుంటాను. పొద్దు గూకకముందే తప్పు ఒప్పుకోవడానికి వాళ్ల గడప తొక్కుతాను. ఎవరూ గుర్తుకు రాని వారం ఇంతవరకూ ఒక్కటీ లేదు.