గోనెపట్టాలో పది గింజలు

"మీ పక్కింటి సారు పొద్దున గుండె ఆగి పోయినాడంటప్పా. అదే, పోయినేడు మన విత్తే అదును పోగొట్టిన సారు," అన్నాడు టీ అంగడాయన, గ్లాసు నా చేతికిస్తూ.

చావుకబురుకు కూడా తోక తగిలించి పంపింది మా గుత్తి ఊరు. ఆ తోకను కోసి, అది ఎవరిదో వాళ్ళకే అతికించడానికి ఇది రాస్తున్నాను. ఇందులో దుఃఖం కన్నా కోపం ఎక్కువ కనిపిస్తే నన్ను క్షమించనక్కర్లేదు.

సారు ఒక విత్తనాల కంపెనీకి మేడ మీది గదిలోంచే పనిచేసేవారు. నేను నాలుగో తరగతితో బడి మానేసి, బొరుగుల పొట్లాల కాగితాలు చదివి చదువుకున్నవాణ్ణి. ఆ పనేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆయనే.

"కంపెనీ సర్వర్లు యాడో ముంబైలో బాడుగకు ఉండాయన్నా. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌లో నెలనెలా ఏదో ఒక కంత బయటపడతాది. దాన్ని పూడ్చే మరమ్మతే ప్యాచ్. వేయకపోతే దొంగ దూరతాడు. చూసుకోకుండా వేస్తే మిషనే లేయదు."

"మన కోట గోడలో రాయి ఊడినట్టా?"

"అంతే. ఈ కోటలో రైతుల పేర్లు ఉండాయి."

కోట అంటే మా తాత గుర్తొస్తాడు. ఆయన జోలికి పోతే దారి తప్పుతాను, వద్దు.

ప్రతి ఏడూ విత్తే ముందు నేను పది శనక్కాయ గింజలను తడి గోనెపట్టాలో చుట్టి, నాలుగు రోజులాగి విప్పుతాను. ఎన్ని మొలిస్తే అంత నమ్మకం. అది చూసి సారు పగలబడి నవ్వారు. "మా పనీ ఇదే కదన్నా!" నలభై సర్వర్లుంటే ముందు రెండింటికే ప్యాచ్ వేసి, మూడు రోజులు కాపు కాసి, ఆ తర్వాతే మిగతావాటి జోలికి పోయేవారు. అప్పటి నుంచి నా గింజలు కూడా ఆయనే చుట్టి, తన కిటికీ గట్టు మీద పెట్టేవారు. "తొందరపడినోడు రెండుసార్లు విత్తుతాడు" అన్న నా మాటను కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నారు. మా ఇంట్లో నా మాట గోడ దాకా ఎందుకు, చెవి దాకా కూడా పోదు.

పోయినేడు తొలి వాన పడిన మర్నాడు నేను ఆ గదిలోనే ఉన్నాను. ఫోన్లో బెంగళూరు మేనేజరు.

"రేపు పెద్దసార్లు చూస్తారు. ప్యాచ్ వేసినట్టు లిస్టంతా పచ్చగా కనపడాలి. నలభైకీ ఒకేసారి వేసేయండి."

"రెండింటికి వేసి చూద్దాం సార్. కాదంటే ఆ మాట మెయిల్లో రాసియ్యండి."

"మీ పల్లెటూరి చాదస్తం ఆపండి. నేనే వేస్తా."

వేశాడు. తన పేరు మీదే, పట్టపగలు. నలభైలో ఒక్కటీ తిరిగి లేవలేదు.

కంప్యూటర్లో పేరు కనపడందే విత్తనం లేదు. రైతులు కంపెనీ విత్తనాల అంగడి ముందు రెండు రోజులు నిలబడ్డారు. మా నేలలో వాన పదును అన్నాళ్ళు ఆగదు. సారు కుర్చీ దిగకుండా, ముందే దాచి ఉంచిన నకళ్ళతో సర్వర్లను ఒక్కొక్కటే లేపారు. మేనేజరు మాత్రం "గుత్తి ఉద్యోగి పొరపాటు" అని పెద్దసార్లకూ, విత్తనాల అంగడికీ రాసి పంపాడు. సారు ఉద్యోగం పోయింది. అందుకు ఆయన ఏడవలేదు. టీ అంగడి దగ్గర ఆయన్ని చూసి ఒక రైతు బెంచీ మీంచి లేచిపోయిన రోజున ఏడ్చారు.

"సాక్ష్యం లేదా సారూ?"

"ఉండాదన్నా. ఎవరు యా నిమిషంలో వేసిందీ మిషనే రాసుకుంటాది. అది కాగితం మీదికి తీసి పెద్దసార్లకు చూపించినా. ఫైలు మూసేసినామన్నారు. ఇడిసిపెట్టు."

ఆయన విడిచిపెట్టారు. నేను అంత మంచివాణ్ణి కాను.

పదకొండో రోజు భోజనాలకు మేనేజరు పూలదండతో వచ్చాడు. చావింటి పిలుపు కాబట్టి రైతులూ వచ్చారు. ఫొటోకు దండ వేసి, "చిన్న పొరపాటు జరిగినా, మంచి మనిషి," అన్నాడు మేనేజరు. సారు ఇంటావిడ లోపలికి పోయి, ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని అతని చేతిలో పెట్టాను.

"నాకు ఇంగ్లీషు రాదప్పా. నలభై వరసలుండాయి. వేసింది ఎవరో నువ్వే సదువు, గట్టిగా."

"పెద్దాయనా, దీనికిది టైం కాదు..."

"ఆయప్ప మూడు దినాలు అడిగినప్పుడూ టైం లేదంటివి. సదువు."

బెంచీ మీంచి లేచిపోయిన ఆ రైతే వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. మేనేజరు తన పేరు చదివాడు. ఒకసారి చదివి ఆపబోయాడు. నలభైసార్లూ చదివించాను. విస్తళ్ళలో పాయసం చల్లారింది. ఒక్కరూ లేవలేదు.

అతను పోయాక మేడ ఎక్కాను. కిటికీ గట్టు మీద గోనెపట్టా ఉంది. చనిపోయే ముందు రోజు సారు నా కోసం చుట్టింది. నాలుగో రోజున విప్పాల్సినదాన్ని ఎవరూ విప్పలేదు. ఇంటావిడ మాత్రం రోజూ నీళ్ళు చల్లుతూ వచ్చిందట.

మొలవని గింజ ఒకటే. దాన్ని బెంగళూరుకు పోస్టు చేద్దామని జేబులో వేసుకున్నాను. తక్కిన తొమ్మిదీ గోనె పోగుల్ని చీల్చుకొని ఆకు విప్పాయి. ఖాళీ కుర్చీకి వీపు తిప్పి, వెలుతురు వైపు వంగి ఉన్నాయి.