ఆడవాళ్ల వార్డు

నాయకుడి దగ్గరికి ఏ చీర కట్టుకుని వెళ్లాలన్న విషయం మీదే మా మొదటి సమావేశం సగం గడిచిపోయింది. పట్టుచీర కడితే వీళ్లకేం తక్కువ అనుకుంటాడట. నేత చీర కడితే ఏదో పార్టీవాళ్లు అనుకుంటాడట. నాకు ఒళ్లు మండింది. "చీరలు చూసి పనులు చేసేవాడైతే బట్టల దుకాణం పెట్టుకునేవాడు" అన్నాను. నవ్వారు గానీ చర్చ మాత్రం ఆపలేదు.

మేముండే ఈ హిందీ ప్రాంతం కొత్త రాష్ట్రమై ఐదారేళ్లయిన రోజులవి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగు ఆడవాళ్లకి సంఘమంటూ ఏమీ లేదు. శ్రావణ శుక్రవారాలకీ కార్తీక వనభోజనాలకీ కలుసుకునేవాళ్లం, అంతే. మాకు పెద్దదిక్కు ఒక రిటైరైన గార్డుగారి భార్య. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయి వచ్చి ముసలిదైపోయినా ఆవిడ మాటలో ఆ ఊరి యాస ఇసుమంత కూడా తగ్గలేదు. మేమంతా పెద్దత్త అనేవాళ్లం. నేను బ్యాంకులో గుమస్తాని, హిందీలో నాలుగు ముక్కలు తిన్నగా రాయగలను కాబట్టి వినతిపత్రం రాసే పని నా నెత్తిన పడింది.

మా ఎంపీ అయిన ఆ నాయకుడిని అడగాల్సినవి రెండు. ఒకటి, స్టేషన్ దాటాక ఊళ్లోకి వెళ్లే దారిలో వీధి దీపాలు. కోచింగ్‌ల నుంచి మా ఆడపిల్లలు చీకటిపడ్డాక ఆ దారినే రావాలి. రెండోది డ్రైవరుగారి అమ్మాయి సంగతి. నిజం చెప్పాలంటే మేం బయల్దేరింది ఈ రెండోదాని కోసమే.

ఆ అమ్మాయి పుట్టినప్పుడు బారసాలలో మగపిల్లాడి పేరు పెట్టారు. తండ్రి గూడ్సు బండి డ్రైవరు. బతికున్నన్నాళ్లూ ఆ పేరు పెట్టే పిలిచాడు. ఆయన పోయి, క్వార్టరు ఖాళీ చేసి, తల్లీ తనూ కాలనీ బయట దయాల్‌బంద్‌లో రెండు గదుల్లో అద్దెకు చేరాక ఆమె చీర కట్టింది. ఊళ్లో తనలాంటి వాళ్లు చాలామంది ఇల్లొదిలేసి జట్లుగా బతుకుతుంటే, ఈమె మాత్రం తల్లిని వదల్లేదు. మా పిల్లలకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, అదీ సగం హిందీలో. అక్షరాలు మాత్రం గుర్తుపట్టలేరు. వాళ్లకు పలక మీద అ ఆ లు దిద్దించింది ఆ అమ్మాయే. మొదట్లో ఇద్దరు ముగ్గురే పంపారు. తర్వాత తర్వాత కాలనీ పిల్లలందరికీ ఆవిడ అక్కైపోయింది.

ఆమె కడుపులో గడ్డ తేలింది. ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చెయ్యొద్దన్నారు. ఊళ్లో ఒక ఆసుపత్రిలో చేరితే, కార్డు మీద మగ పేరుంది కాబట్టి మగవాళ్ల వార్డులో పడుకోబెట్టారు. చీరతో, జడతో ఆ మంచం మీద ఆమె ఎలా ఉందో, ఆ వార్డులో ఏం జరిగిందో మాకెవరికీ చెప్పలేదు. మూడో రోజు పొద్దున్నే ఆపరేషన్ లేకుండానే తిరిగొచ్చేసింది. "సచ్చిపోనా పర్లేదు గానీ, ఆ వార్డులోకి మరెల్లను" అని మాత్రం అంది. ఆసుపత్రి పెద్దలను అడిగితే, పైనుంచి ఎవరైనా చెబితే చూస్తామన్నారు. ఆ నాయకుడు ఒక్క ఫోన్ చేస్తే ఆడవాళ్ల వార్డులో మంచం దొరుకుతుంది. దొరక్కపోతే ఆమె వెళ్లదు. మాకు కావలసింది ఆ ఒక్క ఫోన్.

మాలో అందరూ ఒప్పుకున్నారని చెప్పను. బుకింగ్ ఆఫీసులో పనిచేసే ఒకావిడ మొహమాటం లేకుండా అడిగేసింది. "దీపాల సంగతంటే ఆడోల సంగతి. ఇది ఏటి సంగతి? రెండూ కలిపితే రెండూ పాడైపోతాయి." మనసులో ఉన్నది దాచుకోని మనిషి. ఆవిడ మీద నాకు కోపమొచ్చింది గానీ, పెద్దత్త తెలివైంది. "అయితే నువ్వే లీడరువై కూకో. ఆడు ఏటేటి అడుగుతాడో అన్నీ నువ్వే అడుగు" అంది.

అలా మా ఇంటి వరండాలో రిహార్సల్ మొదలైంది. బుకింగావిడ కుర్చీలో కాలు మీద కాలేసుకుని, మా ఆయన కళ్లజోడు పెట్టుకుని నాయకుడైంది. మేం చాప మీద వరసగా కూచున్నాం. ముందు తేలికైనది అడగాలి, దానికి సరే అన్నాక కష్టమైనది అడగాలి. అలా దీపాల సంగతి నాలుగు మాటల్లో ముగించాం. తర్వాత డ్రైవరుగారి అమ్మాయి లేచి నమస్కారం పెట్టింది.

"అచ్ఛా, నువ్వు ఆడదానివని నాకేటి రుజువు?" అంది కుర్చీలో నాయకుడు.

"నేను చెబుతున్నాను కదా సాబ్."

"చెబితే సరిపోద్దా? డాక్టరు రాసివ్వొద్దా?"

"తమరు మగవారని ఏ డాక్టరు రాసిచ్చాడు సాబ్?"

మేమంతా పడీపడీ నవ్వాం. బుకింగావిడ కళ్లజోడు జారిపోయింది. ఈ జవాబు నిజం నాయకుడి దగ్గర చెప్పకూడదని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. ఈసారి నాటకం కాదని గొంతు వింటేనే తెలిసింది.

"నా కూతురు జొరమొచ్చి ఆ వార్డులో ఉంటాది. పక్క మంచం మీద నువ్వుంటావు. నా కూతురికి బెదురుండదా? దాని మాటేటి?"

అది మా అందరి మనసుల్లో ఏదో మూల ఉన్న ప్రశ్నే. ఆ అమ్మాయి నొప్పికి కడుపు మీద చెయ్యి అదుముకుంటూనే జవాబిచ్చింది.

"దాన్ని అడగండి. బెదురంటే కిటికీ పక్కన ఓ మూల మంచం వేయించండి, అడ్డంగా తెర కట్టించండి. నాకేం చిన్నతనం లేదు. కానీ ఆ గుంట నా పక్కన కూచునే కదండీ అక్షరాలు దిద్దింది. ఆ మగోళ్ల మధ్యన నాకెంత బెదురో అది కూడా ఎవరైనా అడగాలి కదా."

బుకింగావిడ కళ్లజోడు తీసి మా ఆయనకిచ్చేసింది. "అలగే సెప్పు. అక్కడా ఇలగే సెప్పు" అంది. ఆ తర్వాత ఆవిడే అందరికన్నా గట్టిగా ఈ పని పట్టుకుంది. వినతిపత్రంలో తెర సంగతి కూడా రాయించింది.

నాయకుడు మంగళవారం పొద్దున ఊళ్లో ఉంటాడని, పది నిమిషాలిస్తాడని కబురొచ్చింది. ఎంతమంది వస్తారన్నది ఇక పెద్ద బెంగ. ఇంట్లో మొగుళ్లున్నారు, అత్తలున్నారు, పనులున్నాయి. ఫోన్ చేస్తే అందరూ వస్తామంటారు, పొద్దున్నే ఎవరికో కడుపునొప్పి వస్తుంది. అప్పుడు పెద్దత్త అంది. "నాను బొట్టెట్టి పిలుస్తాను. బొట్టెట్టి పిలిస్తే రానన్నోలని ఇంతవరకూ నాను సూడనేదు."

నిజమే. పేరంటానికి పిలిచినట్టు కుంకుమ భరిణె పట్టుకుని గడపలోకొచ్చి నుదుట బొట్టు పెడితే, ఏ అత్తగారూ కోడల్ని ఆపదు. రాజకీయ నాయకుడి ఇంటికి పేరంటమేమిటని నేను ఎగతాళి చేశాను గానీ, ఆలోచన నాకు భలే నచ్చింది. డ్రైవరుగారి అమ్మాయి మాత్రం ఎగతాళి చెయ్యలేదు. "అత్తా, నాకూ ఎడతావా?" అని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ పేరంటానికి పిలవలేదు. "ఎందుకెట్టనే, నువ్వు మాత్రం ఆడపిల్లవి కావేటి" అంది పెద్దత్త. ఆ అమ్మాయి మొహం వెలిగిపోవడం నేను చూశాను. ఇప్పటికీ ఆ మొహం తలుచుకుంటే నాకు దుఃఖం ఆగదు.

మంగళవారం అందరం వచ్చాం, ఆమె తప్ప. బంగళా గేటు దగ్గర ఎదురుచూశాం. వాళ్లింటి పక్క వాటావాళ్లకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. భయపడి వెనక్కి తగ్గిందనుకున్నాం. లోపలికి పిలిచారు. దీపాలకు ఆయన వెంటనే సరేనని, పక్కనున్న మనిషికి చెప్పాడు. రెండోది బుకింగావిడ చెప్పింది. రిహార్సల్లో తను అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు తనే చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. నేననుకున్నంత చెడ్డమనిషి కాడు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"ఆమె ఏది?" అన్నాడు హిందీలో.

"రాలేదు సాబ్."

"ఆమె ఆడదని మీరు చెబితే నేనెలా ఫోన్ చేసేది? రేపు ఆవిడే కాదంటే నా పరువేం కావాలి? నాకు డాక్టరు కాగితం అక్కర్లేదు. ఆమెను ఒక్కసారి వచ్చి తన నోటితో చెప్పమనండి, చేస్తాను." పది నిమిషాలూ అయిపోయాయి. ఆ మధ్యాహ్నమే ఆయన ఢిల్లీ వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చేది నెలాఖరుకట.

నేను నిప్పులు కక్కుతూ దయాల్‌బంద్ వెళ్లాను, పెద్దత్తను ఆటోలో వెంటేసుకుని. ఇంతమందిమి వెళ్లి, ఆవిడ అడిగినదానికి ఆవిడే రాకపోవడమేమిటని దారంతా తిట్టుకున్నాను. తలుపు తీసింది ఆ అమ్మాయే. నేను అరవబోతే, ఆమె మెల్లిగా అంది.

"బొట్టెట్టలేదు కదప్పా. పిలవని పేరంటానికి ఎలా రాను?"

పెద్దత్త గుమ్మంలోనే నిలబడిపోయింది. ముందురోజు సాయంత్రం ఆ వీధిలో మిగతా రెండు తెలుగిళ్లకీ వెళ్లింది. ఈ ఇంటి ముందునుంచే నడిచింది. ఈ ఇంటావిడ భర్త పోయినావిడ. కుంకుమ భరిణె చేతిలో ఉంటే అలాంటి గడప ఎక్కకుండా వెళ్లడం పెద్దత్త కాళ్లకి పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. లోపల కూతురుందని, పిలుస్తానని మాటిచ్చానని ఆవిడకి తట్టనే లేదు. తల్లి వెనకనుంచి వచ్చి తలొంచుకుని చెప్పింది. "నాదీ తప్పేనమ్మా. బరిణి పట్టుకుని వస్తంటే కిటికీలోంచి సూసి, ఎదురుపడకూడదని నానే తలుపేసీసినాను. ఎప్పుడూ అలగే ఏస్తాను."

ఆ తలుపు వెనక కూతురు కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంది. అడుగుల చప్పుడు దగ్గరికి రావడం, దాటిపోవడం రెండూ విన్నది. తలుపు తీసి అత్తా అని పిలవొచ్చు. కానీ బొట్టు అడిగి పెట్టించుకునేది కాదు కదా. నువ్వు ఆడపిల్లవి కావేటి అన్నావిడే, తీరా భరిణె చేతిలోకి వచ్చాక మనసు మార్చుకుందనుకుంది.

పెద్దత్త ఆ మెట్టు మీదే కూలబడి ఏడ్చింది. "నాను పాపిష్టిదాన్నే, నా కాల్లు పడిపోనా" అని తలబాదుకుంది. నాయకుడన్నది నా నోట విని, ఆ అమ్మాయే పక్కన కూచుని ఆవిడ వీపు నిమిరింది. "పోనీలే అత్తా. నెలాఖరుకి వస్తాడంట కదా, అప్పుడెడుదువు గానిలే" అంది. ఆమె కోపం తెచ్చుకుంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నెలాఖరు రాలేదు. ఒక మధ్యాహ్నం పిల్లలు పలకలు పట్టుకుని వెళ్లేసరికి ఆమె నేల మీద మెలికలు తిరుగుతోంది. గడ్డ లోపలే పగిలిందట. ఆసుపత్రికి చేరేసరికి పాపం స్పృహ లేదు, ఏ వార్డని అడిగే నోరూ లేదు. కార్డు చూసి మళ్లీ ఆ మగవాళ్ల వార్డుకే తీసుకెళ్లారు. నేను ఢిల్లీకి ఎన్ని ఫోన్లు చేశానో, ఎవరెవరి కాళ్లు పట్టుకున్నానో. మీటింగులో ఉన్నారన్నారు. బుకింగావిడ డ్యూటీ వదిలేసి వచ్చి ఆసుపత్రివాళ్లతో గొంతు పోయేలా పోట్లాడింది. మర్నాడు తెల్లారేలోపే ఆమె పోయింది.

ఆ దారిలో దీపాలు వచ్చాయి. నాయకుడు మాట నిలబెట్టుకున్నాడని అందరూ మెచ్చుకున్నారు. నేను చాలాకాలం ఆ దారిన నడవలేదు, ఆటో ఎక్కి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. అదేం సాధించడమో నాకే తెలియదు.

ఆమె పోయిన ఆ పొద్దున మేం వెళ్లేసరికి తల్లి ఆసుపత్రి వరండాలో, వార్డు బయట బెంచీ మీద కూచుని ఉంది. బిడ్డ దగ్గర ఆఖరి ఘడియలో ఎవరున్నారని పెద్దత్త అడిగింది.

"ఎవలూ నేరమ్మా" అంది ఆవిడ. "మగోల వార్డు కదా, సీకటి పడ్డాక ఆడోలు ఉండకూడదని నన్ను బయటికి పంపీసినారు. నాను ఆడదాన్నో కాదో మాత్రం ఎవలూ అడగనేదు."